దబ్ బొంద దగ్గర పిట్టకు పెట్టిన కూడు

1991 జనవరి. రియాద్‌లోని మలాజ్‌లో పెంపుడు జంతువుల ఆసుపత్రి ఒకటుండేది. నేను అందులో టెక్నీషియన్‌ని. గల్ఫ్ యుద్ధం వచ్చి, క్షిపణులు పడతాయని సైరన్లు మొదలయ్యాక ఊరు సగం ఖాళీ అయింది. బండి ఉన్నవాళ్లు పిల్లాపాపలతో జెద్దా దారి పట్టారు. షాపుల షట్టర్లు దిగిపోయాయి, కిటికీ అద్దాలన్నిటి మీదా టేపులు పడ్డాయి. మా సూడాన్ డాక్టరు గ్యాస్ మాస్కు మెడలో వేలాడేసుకునే వైద్యం చేసేవాడు. దాన్ని చూసి చిలకలు బెదిరిపోయేవి.

బల్లి జాతినీ తాబేళ్లనూ పెంచుకునేవాళ్ల మీద నాకు మొదటినుంచీ కొంత కోపం. అరవవు, తిండి తక్కువ, షెల్ఫులో బొమ్మల్లా పడి ఉంటాయనుకుని తెచ్చుకుంటారు. వాటికి ఒంట్లో సొంత వేడి ఉండదు, బయటినుంచే అందాలి. అందుకే పెట్టెలో బాస్కింగ్ లాంప్, అంటే ఎండకు బదులు వేడినిచ్చే దీపం పెడతారు. దబ్ అనేది ఇక్కడి ఎడారిలో పుట్టి పెరిగే జంతువు. చూడటానికి మన ఉడుములా ఉంటుంది, తోక నిండా ముళ్లు, తినేది మాత్రం ఆకులూ గింజలూ. ఈ నేల జంతువు కాబట్టి దాన్ని ఇంట్లో ఉంచుకోవాలంటే తస్రీహ్, అంటే పర్మిట్ కావాలి. అది చస్తే మా డాక్టరు కళేబరం చూసి చచ్చిందని రాసివ్వాలి. దాని మాంసం ఇక్కడ ఇష్టంగా తింటారు. కళేబరం చూపించకుండా చచ్చిందని చెప్తే, కోసి అమ్ముకున్నావంటారు.

ఆ రోజు పొద్దున్నే లింగయ్య వచ్చాడు. జగిత్యాల దగ్గరి మనిషి, అబూ సాద్ అనే రిటైర్డ్ టీచరు ఇంట్లో తోటపని, కాపలా చూసేవాడు. వాళ్ల దబ్‌ను గోళ్లు కత్తిరించడానికి మా దగ్గరికి తెచ్చేది అతనే. ఎప్పుడూ నవ్వుతూ వచ్చే మనిషి ఆ రోజు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"మస్తానన్నా, సచ్చినోళ్లకు పెట్టిన కూడు సచ్చినోళ్లే తింటరా?"

"మతి ఉండే మాట్లాడతాండావా లింగయ్యా?" అన్నాను.

"అబూ సాద్ పిల్లలను తీస్కోని జెద్దా వోయిండు గదా. దబ్‌ను నాకు అప్పజెప్పిండు. సైరన్ మోగితె వెలుగు బయటికి కనవడొద్దన్నరని దాని దీపం బంజేసిన. కిటికీలకు ప్లాస్టిక్ గొట్టిన. తెల్లారి జూస్తె కట్టె లెక్క అయింది. నల్లగ బొగ్గయింది. పొడిసినా కదల్లే, ఊపిరి లేదు. తువ్వాలల సుట్టి గోడపక్కన బొంద వెట్టిన. మూడోనాడు పిట్టకు వెట్టిన."

వాళ్ల వైపు మనిషి పోతే మూడో రోజు అన్నం, కూర పెట్టి పక్కకు జరుగుతారు. పిట్ట వచ్చి ముట్టిందంటే పోయినవాళ్లకు కోరికేదీ మిగల్లేదని తృప్తిపడతారు. మనుషులకు పెడతారు గానీ, జంతువులకు పెట్టడం నేనెక్కడా వినలేదు. అదీ కాకి మొహం చూడని మలాజ్‌లో.

"బల్లికి కర్మ చేసినోణ్ణి నిన్నొక్కణ్ణే చూసినా" అని నవ్వాను.

అతను నవ్వలేదు. "పిట్ట రాలేదన్నా. అన్నం అట్లనే ఉంది, ఆకుకూర లేదు. మట్టిల చీపురుతోని గీసినట్టు ఒక గీత. గేటుకు తాళం, లోపట నేనొక్కన్నే. ఎల్లుండి అబూ సాద్ ఇల్లు జూడనీకె వస్తడట. పీనుగ జూపియ్యకుంటె నా వీసాకు ఎగ్జిట్ గొట్టి ఇంటికి పంపుతడు. బొంద తవ్వనీకె నాకు భయమైతంది. జెర తోడు రా."

డాక్టరుకు చెప్పి బయలుదేరాను. వీధిలో మా అడుగుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఇంట్లో సోఫాల మీద తెల్లగుడ్డలు కప్పి ఉన్నాయి. దబ్ ఉండే గదిలో అంచులన్నీ టేపుతో బిగించినా ఏదో సందులోంచి గాలి వస్తున్నట్టుంది. కిటికీ ప్లాస్టిక్ మెల్లగా ఉబ్బుతోంది, మళ్లీ లోపలికి పీక్కుపోతోంది. ఖాళీ పెట్టె ముందు నిలబడి అది చూస్తుంటే గదే ఊపిరి తీస్తోందనిపించింది. పార తీసుకుని పెరట్లోకి నడిచాను.

పెరట్లో గోడవారగా చిన్న మట్టి దిబ్బ. దాని పక్కన పళ్లెం, అందులో ఎండిపోయిన అన్నం. దిబ్బ మధ్యలో కుంగి ఉంది. నేనే పారతో మెల్లగా మట్టి తీశాను. తువ్వాలు కనిపించింది. చుట్టిన ఆకారం చెదరకుండా ఉబ్బెత్తుగా ఉంది. వేలితో నొక్కాను. లోపల ఏమీ లేదు, తువ్వాలు చప్పున అణిగిపోయింది.

లింగయ్య నా చొక్కా గట్టిగా పట్టుకున్నాడు. "ఎవలు తీస్కపోయిన్రన్నా?"

తువ్వాలు ఎత్తితే దాని కింద అర్ధచంద్రాకారంలో ఒక బొరియ, ఏటవాలుగా గోడ కిందికి పోతోంది. నేలకు చెవి ఆనించాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత బుస్సుమని సన్నగా ఒక ఊపిరి. మళ్లీ చాలాసేపు నిశ్శబ్దం. నాకు సంగతి అర్థమైంది, అయినా భయం పోలేదు.

చెయ్యి పెడితే తోకతో కొడుతుంది. ఎండ గోడ మీదికి వచ్చేదాకా దూరంగా కూర్చున్నాం. పూలకుండీ వెనక ఇంకో కన్నం ఉంది. అందులోంచి నల్లటి తల బయటికి వచ్చింది. ఆ తర్వాత ఒళ్లు, తోక. ఎండలో బల్లపరుపుగా పరుచుకుని కళ్లు మూసుకుంది. మేం చూస్తుండగానే ఆ నలుపు బూడిదరంగుకు తిరిగింది, బూడిదరంగు పసుపుకు తిరిగింది.

లింగయ్య గేటు దాకా వెనక్కి పోయాడు. "పీనుగకు పసుపు రాసినట్టయితంది, సూడు సూడు!" అన్నాడు.

"పీనుగ కాదు, బతికే ఉండాది. చలికి అట్ల పడిపోయింది" అని చెప్పాను.

దీన్ని బ్రుమేషన్ అంటారు. చలికి ఒళ్లు నల్లబడుతుంది, బిగుసుకుంటుంది, ఊపిరి ఎప్పుడో ఒకసారి ఆడుతుంది. గుండె ఎంత నెమ్మదిస్తుందంటే స్టెతస్కోపుకు కూడా అందదు. వెచ్చబెట్టి చూడకుండా వీటిని చచ్చాయనకూడదని మా వృత్తిలో మొదటే నేర్పుతారు. మట్టిలో పడ్డాక ఎడారిలో చేసేదే ఇక్కడా చేసింది. బొరియ తవ్వుకుంది, ఎండ తగిలినప్పుడు పైకి వచ్చింది, తన కర్మకు పెట్టిన ఆకుకూర తనే తినిపోయింది.

అబూ సాద్ వచ్చాక దాన్ని ఆసుపత్రికి తెచ్చారు. పాతిపెట్టిన సంగతి విని ఆయన లింగయ్య మీద గయ్యిమన్నాడు. మా డాక్టరు ఊరుకోలేదు. "తస్రీహ్ ఫ్రేము కట్టి గోడకు తగిలించారు. చలికాలంలో దీని సంగతి ఎలా ఉంటుందో ఈయనకు చెప్పి వెళ్లారా? దీపం ఆపాల్సి వస్తే ఏం చెయ్యాలో చెప్పారా?" అని నిలదీశాడు. పర్మిట్ ఉన్నంత మాత్రాన పెంచడం వచ్చినట్టు కాదన్నాడు. లోతుగా మట్టి పోసి ఎండ తగిలేచోట దడి కట్టమన్నాడు. అబూ సాద్ మంచివాడే, తప్పు ఒప్పుకున్నాడు. లింగయ్య ఉద్యోగం నిలిచింది.

ఆయన దబ్‌ను బండిలోకి ఎక్కిస్తుంటే లింగయ్య నా దగ్గర ఆగాడు. సంతోషంగా ఉంటాడనుకున్నాను. మొహం పాలిపోయి ఉంది.

"అన్నా, పోయినేడు మా తమ్ముణ్ణి పొలంకాడ కట్లపాము గరిసింది. పొద్దుగాల జూస్తె చల్లగున్నడట. కదుల్తలేడట, కండ్లు దెరుస్తలేడట. మాపటికే బొంద వెట్టిన్రు. నేను ఈడ్నే ఉంటి, కబురు దొరికెవరకు అన్ని అయిపోయినయ్. మూడోనాడు పిట్ట ముట్టలేదట." గొంతు తగ్గించాడు. "ఎవలన్న మంచిగ జూసిన్రంటవా?"

కట్లపాము విషం కనురెప్పల్ని పడగొడుతుంది, కాళ్లూ చేతుల్ని కట్టేస్తుంది. బతికున్న మనిషి కూడా పోయినవాడిలా కనిపించవచ్చు. నాకది తెలుసు.

"డాక్టరు చూసే ఉంటాడులే" అన్నాను.

"మా ఊర్ల డాక్టరెక్కడున్నడన్నా?" అన్నాడు లింగయ్య. బండి హారన్ మోగింది. చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆ పనిలో చాలా ఏళ్లున్నాను. చిన్న తాబేలైనా సరే, వెచ్చటి పెట్టెలో ఉంచి, గుండె చప్పుడును పెద్దగా వినిపించే డాప్లర్ పరికరంతో వెతికి, అది లేదని తేలాక కూడా పోయిందని నా నోటితో చెప్పేవాణ్ణి కాదు. పెంచినవాళ్లను లోపలికి పిలిచి, డాప్లర్ వాళ్ల చేతికిచ్చి, తనివి తీరేదాకా విననిచ్చేవాణ్ణి. ఎందుకింత చాదస్తమని కొత్తవాళ్లు విసుక్కునేవారు. ప్రాణం పోయిందని తేల్చడం సగం పనే. అది దగ్గరివాళ్లు స్వయంగా తెలుసుకోవాలి, లేకపోతే వాళ్లు బతికున్నన్నాళ్లూ ఆ బొంద తవ్వుతూనే ఉంటారు.