గమ్ము పెట్టని ఎల్బో

మీరెవరో నాకు తెలీదు. తెలీకపోవడమే మంచిది. ఎదురుగా ముఖం కనబడితే ఈ మాటలు నా నోట్లోంచి రావు. ఏళ్లుగా మోస్తున్నాను దీన్ని. అన్నం తింటున్నా, పెళ్లిళ్లలో నవ్వుతున్నా, ఎవరింట్లోనో గోడకు చెవి పెట్టి నీటి చప్పుడు వింటున్నా, గుండెల మీద ఆ బరువు కదలకుండా కూర్చునే ఉంటుంది. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. చెప్పవలసిన మనిషికి అసలే చెప్పలేదు.

నేను ప్లంబర్ని. మా నరసన్నపేట చుట్టుపక్కల నాకు మంచి పేరుంది. నేను వేసిన లైను కారదంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ముఖం పక్కకు తిప్పుకుంటాను. సిగ్గరిననుకుంటారు జనం. సిగ్గే, కానీ వాళ్లనుకునే రకం కాదు.

ఐటీఐ పూర్తయి, సర్టిఫికెట్ చేతికొచ్చిన కొత్తలో సంగతి ఇది. అప్పటిదాకా ఇంకొకరి వెనకాల పైపులు మోసినవాణ్ణి, మొదటిసారి ఒక ఇల్లు మొత్తం నా చేతికి వచ్చింది. ఇప్పించింది యోహాను. అతను ఎలక్ట్రీషియన్, నా ఈడువాడు, మా పక్క వీధిలో ఉండే క్రైస్తవుల ఇంటి అబ్బాయి. ఒకరినొకరం బావా అని పిలుచుకునేవాళ్లం. ఆ ఇంటి కరెంటు పని అప్పటికే అతనిది. "మావోడే. కొత్తోడైనా సెయ్యి మంచిది" అని ఇంటాయనకు నచ్చచెప్పి నన్ను తీసుకెళ్లాడు.

ఆ ఇంటావిడ సావిత్రమ్మగారు. మిగతా ఇళ్లలో పనివాళ్లకు టీ ఇస్తే గొప్ప. ఆవిడ మధ్యాహ్నం పిలిచి, ఆకులు వేసి, చేపల పులుసుతో అన్నం పెట్టేవారు. "తిని సెయ్యండర్రా, ఇల్లెక్కడికీ పారిపోదు" అనేవారు.

పైపులు బిగించడానికి ఒక పద్ధతి ఉంది. ముందు ముక్కలన్నీ గమ్ము లేకుండా ఉత్తినే కూర్చి, కొలత సరిపోయిందో లేదో చూసుకుంటాం. తర్వాత ఒక్కోటీ ఊడదీసి, గమ్ము రాసి, మళ్లీ గట్టిగా తోస్తాం. మేం వాడే గమ్ము పసుపు రంగుది. అతికిన చోట చుట్టూ పసుపు గీత మిగులుతుంది. గీత లేదంటే పైపు ఊరికే ఇరుక్కుని ఉన్నట్టు. అలా ఇరుక్కున్నది నెలల తరబడి నిలబడొచ్చు కూడా. అదే అందులో ఉన్న మోసం.

పై బాత్రూంలో గీజరు లైను సగం అతికించాక సావిత్రమ్మగారు అన్నానికి పిలిచారు. వెళ్లాను. తిరిగొచ్చి, ఎక్కడ ఆపానో చూసుకోకుండా ఒక ముక్క వదిలేసి దాని తర్వాతిదాని దగ్గర మొదలుపెట్టాను. ఇంతవరకూ పొరపాటు. కొత్తవాడు ఎవడైనా చేస్తాడు. నేను చెప్పడానికి వచ్చింది పొరపాటు గురించి కాదు.

మర్నాడు ఉదయం టైల్స్ మేస్త్రీ సిమెంటు కలిపి గోడ మూస్తున్నాడు. గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడింది, అందరికీ తొందర. లైను నింపి, టెస్టింగు చేతిపంపుతో ఒత్తిడి ఎక్కించి, ఒక రాత్రంతా వదిలి చూశాకే గోడ మూయాలని మాకు ఐటీఐలో నేర్పారు. ఆ పంపు నా దగ్గర లేదు. ఎవరినైనా అడిగి తెచ్చుకోవచ్చు. తేలేదు. ఇంటాయన గుమ్మంలో నిలబడి, "టెస్టు సేసీసినావేట్రా?" అని అడిగారు. "అయిపోనాది బాబూ" అన్నాను. అని, గోడ వైపు చూశాను. మూలలో పైపును వంపు తిప్పే ఎల్బో ఉంది. దాని చుట్టూ పసుపు గీత లేదు.

చూశాను. చాలా ఏళ్లు దాన్ని అనుమానమే అని నాకు నేను చెప్పుకున్నాను. కాదు. చూశాను, అర్థమైంది, మేస్త్రీ తాపీ దాని మీదకి వస్తోంది. "ఆగండి" అంటే చాలు. ఎందుకనలేదు? మేస్త్రీ తిడతాడని. మొదటి ఇంట్లోనే పని రానివాడని పేరు పడుతుందని. తీసుకొచ్చిన యోహాను మాట పోతుందని కూడా అనుకున్నాను, అతని మీద అంత అభిమానం మరి నాకు! సిమెంటు పడింది. టైలు అతికింది. కుళాయి తిప్పి చూస్తే నీళ్లు ధారగా వచ్చాయి. ఏమీ కాదులే అనుకున్నాను.

గృహప్రవేశం నాడు సావిత్రమ్మగారు మా ఇద్దరికీ పొందూరు ఖద్దరు పంచెలు పెట్టారు. ఇల్లు కట్టిన పనివాళ్లకు కొత్త బట్టలు పెట్టడం మావైపు ఆనవాయితీ. "మీ సేతులు సల్లగుండాల" అన్నారు. యోహాను వంగి దండం పెట్టాడు. నేనూ పెట్టాను. ఆ పంచెను దాచుకుని ఏడ్చానని అనుకునేరు, లేదు. చిరిగేదాకా కట్టాను.

వానలు వెళ్లిపోయాక ఒక ఉదయం ఆవిడ తడి చేత్తో గీజరు స్విచ్చు వేశారు. నీళ్లు గోడ లోపల్లోపలే దిగి, స్విచ్చు బోర్డు వెనక ఇనుప పెట్టెలోకి చేరి ఉన్నాయి. బయటికి చెమ్మ కూడా తెలియలేదట. కరెంటు కొట్టి ఆవిడ అక్కడే పడిపోయారు. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే ప్రాణం లేదు.

కర్మకాండ అయ్యాక, గోడ తెరిచి చూడమని నన్నూ యోహానునూ పిలిచారు. నేను ముందుగా వెళ్లాను. టైలు పగలగొడితే ఎల్బో దానంతటదే ఊడి చేతిలోకి వచ్చింది. లోపల కొత్తదానిలా శుభ్రంగా ఉంది. జేబులో వేసుకున్నాను. దాని పక్కనున్న పైపును ముక్కలుగా కోసి సంచీలో పడేశాను. వెనక అడుగుల చప్పుడైతే తిరిగి చూశాను, యోహాను. గీజరు తగిలించడానికి అక్కడికి జానెడు దూరంలో గోడకు డ్రిల్లు వేసింది అతనే.

"ఏటైనాది బావా?"

"డ్రిల్లు తగిలినాది."

అతని ముఖం పాలిపోయింది. "ఏదీ, సూపించు."

"కోసీసినాను. ఇంకేటి సూస్తావు?"

కాసేపు తన చేతుల వంకే చూసుకున్నాడు. "తగిలితే సేతికి తెలీదేటి బావా? నాకు తెల్లేదు."

"ఒక్కోపాలి తెలీదు" అన్నాను.

డ్రిల్లు తగిలిందన్న అబద్ధం భయంతో ఆడాను. ఈ చివరి మాట భయంతో అన్నది కాదు. అతనికి మిగిలిన ఒక్క సందేహాన్ని కూడా చంపడానికి అన్నాను. అతను నమ్మాడు. నా మాట కాబట్టి నమ్మాడు. కిందికి దిగి ఇంటాయన కాళ్ల మీద పడి, "నా వల్లే బాబూ" అన్నాడు. ఆయన పోలీసుల దాకా వెళ్లలేదు. "నా గుమ్మం తొక్కకు" అన్నారు, అంతే. నేను మెట్ల మీద నిలబడి విన్నాను.

యోహాను మళ్లీ టెస్టరు పట్టలేదు. పిలిచినవాళ్లు ఉన్నారు, అతనే వెళ్లలేదు. ఇప్పుడు భోగాపురం విమానాశ్రయం పనుల్లో ఇనుము మోస్తున్నాడు. వైరింగు అంత నేర్పుగా చేసే చేతులవి.

నేను మాత్రం పని నేర్చుకున్నాను. మొదట కొన్నది పంపు. రాత్రంతా ఒత్తిడి నిలవనిదే గోడ మూయనివ్వను. ముహూర్తం దాటిపోతుందని అరిచినా వినను. ప్రతి జాయింటునూ చేత్తో తడిమి, పసుపు గీత కళ్లతో చూసి గానీ కదలను. ఎంత శ్రద్ధో అంటారు. ఆ శ్రద్ధ నాకు ఎక్కడ అబ్బిందో వాళ్లకేం తెలుసు? అన్నం పెట్టిన మనిషి చావు మీద నేర్చుకున్న పని ఇది. దీంతోనే నా పిల్లలు తింటున్నారు.

అంతటితో ఆగినా మోసేవాణ్ణేమో. యోహాను కొడుకును చర్చిలో ప్రతిష్ఠించే, అంటే దేవుడికి అప్పగించి ప్రార్థన చేయించే ఆదివారం నన్నూ పిలిచాడు. ప్రార్థన అయ్యాక, తన బతుకులో జరిగింది నలుగురి ముందు చెప్పుకునే సాక్ష్యానికి లేచాడు. పిల్లాడి గురించి చెబుతాడనుకున్నాను. "నా సేతుల వల్ల ఒక తల్లి పోనాది. ఈ సేతుల్తో నా బిడ్డనెత్తుకోడానికి బయమేస్తాది. నాకోసం ప్రార్థన సెయ్యండి" అన్నాడు. జనమంతా కళ్లు మూసుకున్నారు. నేను చివరి వరసలో చాప మీద కూర్చుని, కళ్లు మూయలేక అతన్నే చూస్తున్నాను. నేను చెప్పాల్సిన ఒప్పుకోలు అతను చెబుతున్నాడు. అప్పుడైనా లేచానా? లేవలేదు. బయటికొచ్చాక అతను నా భుజం మీద చెయ్యి వేసి, "వచ్చినావు బావా, అదే సాలు" అన్నాడు.

చెప్పేద్దామని ఆమధ్య భోగాపురం బస్సెక్కాను. శ్రీకాకుళంలో దిగిపోయి వెనక్కొచ్చేశాను. ఇంకోసారి ఎక్కుతానని మీకు మాటివ్వలేను. నా మాటకు ఏం విలువుంది? క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆ నిజాన్ని ఇన్నేళ్లలో నోటితో ఒక్కసారి కూడా అనలేదు, కాగితం మీద పెట్టలేదు. అతనితో అన్నట్టే ఒక్కసారి రాస్తాను.

డ్రిల్లు తగల్లేదు బావా. ఆ ఎల్బోకి నేను గమ్ము పెట్టలేదు.