బార్దాన్ తీసిన బరువు

ఇరవై నాలుగేళ్ల ఆ వయసులో నాకు రెండే భయాలు. ఒకటి మా అవ్వ (అమ్మను మేమలాగే పిలుస్తాం), రెండోది నాకు భయమని ఎవరికైనా తెలిసిపోతుందేమోనన్నది. మూడోది ఒకటుందని రేసు ట్రాక్ ఎక్కాకే తెలిసింది. కామారెడ్డిలో విత్తనాల దుకాణంలో పనిచేస్తూ సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ బైకు కొన్నాను. దాన్ని ఒక్కసారైనా ట్రాక్ మీద నడపకపోతే పుట్టి ఏం లాభమనుకున్నాను. అంతకు ముందు బైకు స్ప్రింగులను నడిపేవాడి బరువుకు సరిపడా బిగించాలి. ఎల్లారెడ్డిలో ఆ పని తెలిసిన మెకానిక్ ఉండేవాడు, మేం స్ప్రింగన్న అనేవాళ్లం. నన్ను బండి మీద కూర్చోబెట్టి అది ఎంత కిందికి దిగుతుందో టేపుతో కొలుస్తానన్నాడాయన. సెలవు లేదని బండి అక్కడే వదిలి బస్సెక్కాను. మర్నాడు ఫోన్ చేశాడు. "సూటు, బూట్లు, హెల్మెట్ అన్నీ ఏస్కొని కాంటా ఎక్కు తమ్మీ. పూరా వజన్ ఎంతుంటదో అంతే చెప్పు."

మా దుకాణం వెనకే వడ్ల కొనుగోలు కేంద్రం. మిట్టమధ్యాహ్నం, అద్దెకు తెచ్చిన తోలు సూటులో చెమటలు కక్కుతూ వడ్ల బస్తాల మధ్య కాంటా ఎక్కాను. అంకెలు అక్కడ తూకం వేసే కాంటా మామ వైపుకే కనిపిస్తాయి. ఆయన ఒకసారి నన్ను, ఒకసారి కాంటాను చూసి చీటీ మీద అరవై ఎనిమిది అని రాసిచ్చాడు. ఇంత సామానుతో అరవై ఎనిమిదేనా అని మురిసిపోయాను. జిమ్ముకు పోయిన ఆ తొమ్మిది రోజులు వృథా పోలేదనుకుని ఆ అంకెనే ఎల్లారెడ్డికి చెప్పాను.

బీబీపేటలో దోస్తు పెండ్లని అవ్వకు చెప్పి, స్ప్రింగన్న బిగించిన బండి తీసుకుని ట్రాక్‌కు పోయాను. మొదటి మలుపులోనే నా పై ప్రాణాలు పైనే పోయాయి. బండి వెనక భాగం కూలబడుతోంది, ముందు చక్రం తేలిపోతోంది, నేను తిప్పిన వైపు తిరగకుండా గడ్డి వైపు లాక్కుపోతోంది. కాలి కింది కడ్డీ రోడ్డుకు రాసుకుని కర్రుమంది. నేను గడ్డిలో పడి ఉన్నట్టు, అవ్వ బీబీపేటంతా పెండ్లి ఇల్లు వెతుకుతున్నట్టు కళ్లకు కట్టింది. మొదటి మలుపులో ఒక మేకను మొక్కుకున్నాను, రెండో మలుపులో రెండు. మూడో మలుపుకు లెక్క తప్పి ఏడ్చేశాను. (హెల్మెట్ లోపల కాబట్టి ఎవరూ చూడలేదు.)

ఎలాగో బయటపడ్డాక ట్రాక్ మీద నేర్పే సార్ నన్ను బండి మీద కూర్చోబెట్టి టేపు పెట్టాడు. బండి దిగాల్సిన దానికంటే బాగా దిగుతోందట, ఇది నీ బరువుకు బిగించింది కాదన్నాడు. స్ప్రింగన్నకు ఫోన్ చేస్తే చెప్పిన వజన్‌కే పెట్టినానన్నాడు. కాంటా మామకు చేశాను.

"సూటు నీ ఒంటిది కాదు గద బిడ్డా, బార్దాన్ కింద పది కిలోలు తీసేసిన" అన్నాడాయన. "మల్ల చెమటతోని తడితడిగ ఉంటివి. తరుగు మూడు కిలోలు పట్టిన."

బార్దాన్ అంటే గోనెసంచి బరువు. అదీ, తేమకు తరుగూ తీసేసి రాయడం ఆయనకు ఎన్నో ఏళ్ల అలవాటు. నన్నూ వడ్ల బస్తా లెక్కనే తూచాడు. సార్ నవ్వాపుకుంటూ స్ప్రింగు బిగించాడు. మళ్లీ ఎక్కితే బండి చెప్పినట్టే తిరిగింది.

సాయంత్రం ఇంటికొస్తే అవ్వ నన్ను ఎగాదిగా చూసింది.

"ఏంది బిడ్డా, ఒక్క పూటకే గిట్ల గుంజుకపోయినవ్? పెండ్లిల బువ్వ పెట్టలేదా?"

అన్నం ముందు కూర్చుని అన్నీ చెప్పేశాను. తిట్టలేదు, నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఇప్పుడు నాకు పొట్టొచ్చింది. మొన్న డాక్టరు బరువు చూసి ముఖం చిట్లిస్తే, "బార్దాన్ తీసెయ్యండి సార్" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. పక్కనున్న అవ్వ మాత్రం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, మెల్లగా నా చెయ్యి పట్టుకుంది.