లెన్ థ్రెల్‌ఫాల్ ఎడమకాలు

"ఆ కాలు మీ క్లబ్బు సొత్తా? మీ బాబు కొనిపెట్టాడా?"

"డోరీన్ గారూ, కాస్త మెల్లగా..."

"మెల్లగా ఏంటయ్యా! పన్నెండేళ్ళు వాడుకున్నారు. అరిగిపోయాక అవతల పారేశారు. ఇప్పుడు గ్రౌండు పడగొట్టే ముందు ఫొటోకి కావాల్సొచ్చిందా?"

"ఒక్క సూదేనండీ. నాకు తెలిసిన డాక్టరున్నాడు. ఓ అరగంట నొప్పి అనేదే తెలీదు. హాఫ్‌టైమ్‌లో పాత ఆటగాళ్ళందరితో కలిసి మైదానం చుట్టూ ఒక్క రౌండు నడిస్తే చాలు. చక్రాల కుర్చీలో అయితే... చూడ్డానికి బాగోదు కదండీ."

"ఎవరు చూడ్డానికి?"

అవతల గావిన్ కుర్చీ కిర్రుమంది.

గోడకి ఇవతల నేను మెషీన్లోంచి తడి జెర్సీలు లాగుతున్నాను. మా థ్రాప్‌షా టౌన్ ఫుట్‌బాల్ క్లబ్బులో గోడలు అట్టముక్కలకంటే పలచన. అవతలిది గావిన్ గది. స్పాన్సర్లు, సంబరాలు, ఫొటోలు అతని శాఖ. తన పేరు తనే మర్చిపోతాడేమోనన్నట్టు మెడలో ఎప్పుడూ కార్డు వేలాడేసుకుంటాడు. డోరీన్ పిన్నిది మా వీధే, మాకు రెండిళ్ళ అవతల. ఆమె మొగుడు లెన్ బాబాయ్ కూడా ఆ గదిలోనే ఉన్నాడు. పావుగంట నుంచి దగ్గు తప్ప ఆయన గొంతు వినపడలేదు. గొడవేమో ఆయన కాలి గురించి.

నాకు ఒళ్ళు మండింది. చేతిలో జెర్సీ చేతిలోనే ఉంది, తలుపు తోసుకుని వెళ్ళాను.

"గావిన్, ఆ చీలమండలో సూది పొడిచి నడిపిస్తే ఏమవుతుందో తెలుసా నీకు? లోపల ఎముక మీద ఎముక రాసుకుంటోంది. తిమ్మిరెక్కించాక విరిగినా ఆయనకి తెలీదు. విరిగిందంటే మోకాలి కింద తీసేయడమే అన్నారు పెద్దాసుపత్రిలో."

"నువ్వు సాక్సులు ఉతుక్కునేవాడివి, నీకెందుకోయ్ ఇవన్నీ?"

"ఉతికేవాడికే తెలుస్తుంది మురికెక్కడుందో."

డోరీన్ పిన్ని కిసుక్కున నవ్వింది. గావిన్ మొహం మాడిపోయింది. అప్పుడు లేచాడు లెన్ బాబాయ్, కుర్చీ చేతులు రెండూ పట్టుకుని, అరవయ్యేడేళ్ళ ఒంటిని కుడికాలి మీదే మోస్తూ.

"నడుస్తాను గావిన్. రాసుకో," అన్నాడు.

పిన్ని ఆయన్నోసారి చూసింది. సంచీ భుజాన వేసుకుని, తలుపు ఎంత గట్టిగా వేసిందంటే గోడకున్న ఫొటో ఒకటి వాలిపోయింది.

ఆ ఫొటో గురించి చెప్పాలి. మా క్లబ్బు చరిత్రలో గొప్పరోజుది. సెంటర్ ఫార్వర్డ్ టెర్రీ గ్రిమ్‌షా గోల్ కొట్టి రెండు చేతులూ చాపి పరిగెడుతుంటాడు, వెనక జనం నోళ్ళు తెరుచుకుని ఉంటారు. ఫొటో ఎడమ అంచున ఎవరిదో కాలు, మోకాలి కింద వరకే. మట్టి కొట్టుకుపోయిన సాక్సు, బూటు. అది లెన్ బాబాయ్‌ది. ఆ గోల్‌కి పాస్ ఇచ్చింది ఆయనే. ఫొటో తీసినవాడు అంతవరకే తీశాడు. నలభై ఏళ్ళుగా ఆ కాలు అక్కడే వేలాడుతోంది, కింద పేరు కూడా లేకుండా.

మిడ్‌ఫీల్డర్ల బతుకంతే. మధ్యలో నిలబడి ఎదుటివాడి కాళ్ళలోంచి బంతి లాక్కుని తనవాడికి ఇవ్వాలి, మళ్ళీ లాక్కోవాలి, మళ్ళీ ఇవ్వాలి. గోల్ పడితే కొట్టినవాణ్ణి భుజాలకెత్తుకుంటారు. ఎదుటివాళ్ళు గోల్ కొడితే "మధ్యలో వాళ్ళేం పీకుతున్నారు?" అంటారు. మా నాన్న కూడా అనేవాడట, ప్రేక్షకుల మెట్ల మీద నిలబడి, చేతిలో మాంసం కూరిన వేడి పై రొట్టె పట్టుకుని. లెన్ బాబాయ్ మా వీధివాడే అని తెలిసి కూడా.

పదహారేళ్ళకి చేరాడు బాబాయ్ క్లబ్బులో. తండ్రి నూలుమిల్లులో బాయిలర్ దగ్గర పని. కొత్తగా చేరిన కుర్రాళ్ళు పెద్దాటగాళ్ళ బూట్లు తుడవాలి, వేసవిలో రెయిలింగులకు రంగు వెయ్యాలి, మ్యాచ్ అయ్యాక మెట్లు ఊడవాలి. రెండేళ్ళు ఊడ్చాక మొదటి మ్యాచ్ ఆడించారు. మొదటి పదినిమిషాల్లోనే ఎవడో మోచేత్తో కొడితే రెండు పళ్ళు ఊడాయి. ఊడిన పళ్ళు సాక్సులో దాచుకుని చివరిదాకా ఆడాడు. ఇంటికెళ్తే వాళ్ళమ్మ "గెలిచారా?" అని అడగలేదు, "ఏం తినగలవురా ఇప్పుడు?" అని అడిగిందట.

పన్నెండేళ్ళలో నాలుగొందల ముప్పై ఒక్క మ్యాచ్‌లు. మూడో డివిజన్, నాలుగో డివిజన్, అంతకు పైకి చూడలేదు. ఒక్కసారి పెద్ద క్లబ్బువాళ్ళ మనిషి ఆయన్ని చూడ్డానికి వచ్చాడు. ఆ శనివారం మంచుకి మైదానం రాయిలా గడ్డకట్టి మ్యాచ్ ఆగిపోయింది. వచ్చినవాడు టీ తాగి రైలెక్కి పోయాడు, మళ్ళీ రాలేదు. ఇది చెప్తూ లెన్ బాబాయ్ నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఏదో ఒకటి పగలగొట్టాలనిపిస్తుంది.

ఆయనకి ఇరవై ఏడేళ్ళప్పుడు, ఫిబ్రవరిలో, ఎడమ చీలమండ మెలిపడి లోపలి లిగమెంట్లు తెగాయి. అప్పట్లో మా జట్టుకు వైద్యుడంటే బకెట్ సిడ్. వారమంతా బొగ్గు అమ్మేవాడు, శనివారం బకెట్టూ స్పాంజీ పట్టుకుని మైదానం అంచున కూర్చునేవాడు. తల పగిలినా, కాలు విరిగినా అదే చన్నీళ్ళ స్పాంజి. ఈసారి స్పాంజి పనిచెయ్యలేదు. మూడు నెలలు కాలు కింద పెట్టొద్దన్నారు ఆసుపత్రిలో. జట్టేమో అప్పుడు పై డివిజన్‌కి ఎక్కే దారిలో ఉంది. మేనేజరు ఇంటికొచ్చి, డోరీన్ పిన్ని ఇచ్చిన టీ తాగి, "నువ్వు లేకపోతే మధ్యలో గాలి తప్ప ఏం ఉండదు లెన్" అన్నాడు. మర్నాడు ఎవరో డాక్టర్ని తీసుకొచ్చారు.

మ్యాచ్ ముందు ఒక సూది. హాఫ్‌టైమ్‌లో ఇంకోటి. అలా పదకొండు మ్యాచ్‌లు. ఆ డాక్టరు పోయాడు, మేనేజరూ పోయాడు, ఆ సూదుల గురించి ఎక్కడా ఒక్క ముక్క రాసిలేదు.

"ఎవరూ బలవంతం చెయ్యలేదురా," అంటాడు బాబాయ్.

ఈ మాట దగ్గరే నాకు పిచ్చెక్కేది. ఇద్దరు పసిపిల్లలు, జూన్‌లో అయిపోయే కాంట్రాక్టు, టీ తాగుతూ మేనేజరు ఎదురుగా కూర్చుంటే వద్దనేవాడెవడు? గొంతు పట్టుకుంటేనే బలవంతమా?

ఆయనకి ముప్పై ఏళ్ళప్పుడు పోస్టులో ఉత్తరం వచ్చింది, మీ సేవలకు కృతజ్ఞతలు అని. బూట్లు ప్లాస్టిక్ సంచీలో పెట్టి గేటు దగ్గర ఇచ్చారు. తరవాత రొట్టెల వ్యాను నడిపాడు. ఎడమకాలితో క్లచ్ తొక్కలేక అదీ పోయింది. ఆ పైన పంతొమ్మిదేళ్ళు బడి ముందు 'ఆగండి' అని రాసిన గుండ్రటి పలక పట్టుకుని పిల్లల్ని రోడ్డు దాటించాడు. నన్నూ దాటించాడు. వానలో పసుపు కోటు వేసుకుని, పలక కర్రకి ఆనుకుని, కుడికాలి మీదే నిలబడేవాడు. మేం "కొంగ తాతా!" అని అరిచేవాళ్ళం. ఆయన ఎవరో మాకెవరూ చెప్పలేదు. చెప్పినా అరిచేవాళ్ళమేమో.

గావిన్‌తో గొడవైన రోజు నేనే ఆయన్ని ఇంటికి దిగబెట్టాను. మా వీధి క్లబ్బు గేటుకి రెండు మలుపుల దూరం. నా భుజం మీద బరువేసి కుంటుకుంటూ వచ్చాడు, అరగంట పట్టింది.

"ఎందుకొప్పుకున్నావ్?" అన్నాను. "సిగ్గులేదా నీకు?"

"లేదు," అన్నాడు. "ఆగు, ఊపిరి తీసుకోనీ."

చేపలూ బంగాళాదుంపలూ వేయించే కొట్టు ముందు గోడకి ఆనుకున్నాడు. లోపల్నుంచి కొట్టావిడ, "ఏం లెన్, కాలెలా ఉంది నాయనా?" అని కేకేసింది. "ఉండాల్సిన చోటే ఉంది పామ్, ఇప్పటికైతే," అన్నాడు.

"బాబాయ్, నేను అడిగింది చెప్పు."

"వచ్చే నెల అక్కడ ఇళ్ళు కడతారు. నేను ఆడిన చోట ఎవడిదో పడగ్గది వస్తుంది. దాని మీద ఇంకోసారి నడవాలనుందిరా. తప్పా?"

"కాలు పోగొట్టుకుని నడుస్తావా? వాళ్ళ ఫొటో కోసం?"

బాబాయ్ కాలు సర్దుకుని గోడకి ఇంకాస్త జారగిలబడ్డాడు. తరవాత అన్నాడు, "నీకో సంగతి చెప్తా, డోరీన్‌కి కూడా చెప్పలేదు. టెర్రీకి ఇచ్చిన ఆ పాస్ ఉంది చూడు. నలభై గజాలు. ఇద్దరి మధ్యలోంచి. నా జన్మలో అలాంటిది ఇంకోటి కొట్టలేదు. ఎడమకాలితో."

"తెలుసు. అందరూ..."

"నాకు తెలీదు," అన్నాడు. "బంతి తగిలిన సంగతే నాకు తెలీలేదురా. కాలు నాది కాదు అప్పుడు. ఎవరో అరువిచ్చిన కొయ్యకాలు. బంతి టెర్రీ దగ్గర కనిపించాక తెలిసింది, కొట్టింది నేనని. జనం అరుస్తున్నారు. నేను కిందికి చూసుకుంటున్నాను."

ఆ డాక్టర్ని, మేనేజర్ని, పై రొట్టె తింటూ కేకలేసిన మా నాన్నని, అందర్నీ వరసగా బూతులు తిట్టాను. బాబాయ్ విని, "మీ నాన్న దగ్గరకొచ్చేసరికి కాస్త తగ్గించావు," అన్నాడు.

శనివారం వచ్చింది. ఆఖరి మ్యాచ్, పక్క ఊరివాళ్ళతో. ఎన్నేళ్ళుగానో రానివాళ్ళంతా దిగబడ్డారు, మెడలకు కొత్త మఫ్లర్లు చుట్టుకుని, ఈ మెట్లంటే ప్రాణమని ఒకరికొకరు చెప్పుకుంటూ. ప్రాణమైతే ఇన్నాళ్ళూ ఎక్కడున్నార్రా అని అడగాలనిపించింది. వైద్యం గదిలో గావిన్ తెచ్చిన డాక్టరు పెట్టె తెరుచుకుని కూర్చున్నాడు. అతని కాళ్ళకి పాలిష్ చేసిన బూట్లు. తలుపు పక్కన చక్రాల కుర్చీ మడిచి పెట్టి ఉంది, జనానికి కనపడకుండా పైన జెండా కప్పి.

ముప్పై అయిదో నిమిషంలో నా గది తలుపు తెరుచుకుంది. లెన్ బాబాయ్. కోటూ టైతో ఉన్నాడు. ఒక్కడే వచ్చాడు.

"డాక్టరు అటుపక్క," అన్నాను, తల ఎత్తకుండా. నాకింకా కోపం తగ్గలేదు.

"తెలుసు. చూసొచ్చా. మంచి కుర్రాడే. సూది తీశాడు కూడా." మురికి బట్టల బుట్ట మీద కూర్చున్నాడు. "తలుపెయ్యి."

వేశాను. ఆయన వంగి ఎడమ బూటు విప్పాడు, తరవాత సాక్సు. ఆ చీలమండని అంత దగ్గరగా నేనప్పుడే చూశాను. వంకాయ రంగు, వంకాయంత వాపు, ఒక పక్క ఎముక చర్మాన్ని పొడుచుకుంటూ.

"సూది వద్దన్నావని పిన్నికి తెలుసా?"

"చెప్పా. తిట్టింది. గంటసేపు తిట్టింది. తరవాత కోటు తనే ఇస్త్రీ చేసింది. అదిగో, మెట్ల మీద మొదటి వరసలో కూర్చుంది, నేను పడితే ముందు గావిన్‌ని కొడదామని." నవ్వబోయి ఆగిపోయాడు. "నువ్వు కాళ్ళకి కట్లు కట్టడం చదివావు కదరా కాలేజీలో?"

"సగంలో మానేశాను."

"చీలమండ ఏ సగంలో ఉంది?"

"మొదటి సగంలోనే."

"మరింకేం."

ఫిజియోథెరపీ కాలేజీలో నేను నేర్చుకున్నవాటిలో నాకు నచ్చింది అదొక్కటే. అలమారలోంచి తెల్లపట్టీ చుట్ట తీశాను. మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన పాదం నా తొడ మీద పెట్టుకున్నాను. చల్లగా ఉంది. పైన మెట్లమీద జనం కాళ్ళు చప్పుడు చేస్తుంటే మా కప్పు మీంచి సున్నం రాలుతోంది. అరికాలి కింద నుంచి మొదలుపెట్టాను, మడమ వెనకనుంచి, మళ్ళీ పాదం మీదకి. రెండో చుట్టులో గట్టిగా లాగాను, కొయ్యలా కదలకుండా. కోపమంతా వేళ్ళలోకి దిగింది. ఎలాగైనా ఆ కాలు విరగకూడదు, ఎలాగైనా వీళ్ళకి ఇంకోసారి దక్కకూడదు.

బయట గావిన్ గొంతు, "లెన్! లెన్ గారెక్కడ? ఇంకో అయిదు నిమిషాలే!" అని తిరుగుతోంది.

బాబాయ్ చెయ్యి నా మణికట్టు మీద పడింది. నలభై ఏళ్ళ కిందట మనుషుల్ని భుజంతో తోసి బంతి లాక్కున్నవాడి పట్టు.

"అంత బిగించకురా," అన్నాడు. "విరిగేలా ఉంటే నాకు తెలియాలి, గడ్డి మీదే కూర్చుంటా. విరక్కపోతే ప్రతి అడుగూ తెలియాలి. నొప్పి తెలిసేలా కట్టు."