ఇప్పచెట్టు తొర్రల మూసుకున్న పిట్ట

నా చిన్నతనంల... యాభైల నాటి ముచ్చట. రేగుంట దిక్కు గుట్ట కింద మాకు నాలుగు ఇప్పచెట్లుండె. అడివి చెట్లే... గని ఏ ఇంటోళ్లు ఏ చెట్టు కింద పువ్వు ఏరాలెనో అందరికి ఎరుకే.

పువ్వు రాలే ముందు చెట్టు కింద ఆకులు కుప్ప చేసి కాల్చేటోళ్లు. నేల సాఫ్ అయితది, పువ్వు కనవడ్తది... పాము, తేలు ఉన్నా పోతయి.

ఆ యేడు పెద్ద చెట్టు తొర్రకు ఎవరో మట్టి మెత్తినట్టుండె. నడుమ సన్నటి సందు. వంకర ముక్కు బూడిదరంగు పిట్టొకటి మేడిపండు తెచ్చి ఆ సందు కాడ పెట్టేది. లోపలి నుంచి ఇంకో ముక్కు వచ్చి అందుకునేది!

నాలుగు రోజులు చూసిన. లోపల ఎవరు? ఎట్ల పోయింది?... ఎవరికీ చెప్పలే. నాకు మాట్లాడుడే తక్కువ.

అయిదో నాడు బాపు ఆ చెట్టు కిందనే ఆకులు కుప్ప పోసి అగ్గిపెట్టె తీసిండు.

నేను ఉరికిన. పోయి కుప్ప మీద నిలవడ్డ.

"జరుగు రా, కాళ్లు కాల్తయి."

"పైన పిట్టున్నది బాపు... దానికి తొవ్వ లేదు. పొగకు సస్తది."

"పిట్టకు రెక్కలుండవారా? ఎగిరిపోతది."

నేను దిగలే. బాపు కోపంతోని చెయ్యి లేపిండు. గంతల్నే బయటి పిట్ట వచ్చింది... సందుల నుంచి ముక్కు ఎల్లి పండు అందుకున్నది. బాపు చెయ్యి అట్లనే ఆగింది.

చానసేపు చూసిండు. "ఇదేందిరో..." అని అగ్గిపెట్టె మొలకు చెక్కుకున్నడు. "ఇగ ఈ చెట్టు కింద రోజూ నువ్వే ఊడువాలె."

గుట్ట మీది గోండు తాతను అడిగితే చెప్పిండు... లోపల ఉన్నది ఆడపిట్టనట. తనే మట్టి మెత్తుకొని, ఈకలు రాల్చుకొని గుడ్లు పొదుగుతదట. అందుకే అప్పుడు ఎగురరాదట.

నేను ఊడ్చిన. చుట్టూ ఉన్న టేకుచెట్ల ఆకులు ఇస్తరాకులంత... ఊడ్చిన కాడికి మళ్ల రాలేటియి. పాము భయానికి ముందు కట్టెతోని కొట్టి, తర్వాత ఊడ్చుడు. మా అమ్మ నవ్వేది, "దానికి పురుడు నువ్వే పోస్తున్నవారా?" అని.

వానలకు ముందు ఒకనాడు పోయి చూస్తే మట్టి పలిగి వేర్ల మీద పడ్డది. తొర్ర ఖాళీ... పిల్లలు ఎన్నో, ఎట్ల ఎల్లినయో చూడనే లేదు. ఒక్క పూట ఆలస్యమైన.

ఇప్పుడు రాలిన పువ్వు పడెటందుకు ఇప్పచెట్ల కింద వలలు పరుస్తున్నరు. కాల్చుడు తప్పింది, మంచిదే. గని తొర్ర పడేంత ముసలి చెట్లు ఎన్ని మిగిలినయి?... బస్సుల పోతుంటే కిటికీల నుంచి ఎతుకుత.

ఆ పిల్లలు బయటికొచ్చేది మీలో ఎవరన్న చూసిన్రా? చూస్తే జర చెప్పున్రి... డెబ్బై ఏండ్ల సంది ఎవరినీ అడుగలే.