తుంగగడ్డల హోర్చాటా

వలెన్సియా దాకా వెళ్లి కూడా నేను హోర్చాటా తాగలేదు. దానికి కారణం బస్సులో కిటికీ సీటు.

రెండేళ్ల కిందట మేము నలుగురం స్పెయిన్‌కు ప్యాకేజీ టూరు వెళ్లాం. నేను, నా భార్య, ఆమె అక్క, ఆ అక్క భర్త. ఆయన నాకు తోడల్లుడు, కుప్పంలో ఉంటాడు. నాకంటే నాలుగేళ్లు పెద్ద, మాటల్లో నలభై ఏళ్లు పెద్ద. వలెన్సియాలో బస్సు ఒక పాత దుకాణం ముందు ఆగింది. ఇక్కడ హోర్చాటా అనే పానీయం దొరుకుతుందనీ, చిన్న చిన్న గడ్డల్ని నానబెట్టి రుబ్బి తీసే పాలనీ, ఇంత అసలైనది ఇంకెక్కడా తాగలేరనీ టూరు మేనేజరు చెప్పాడు. అరగంట టైమిచ్చాడు. అందరూ దిగారు. నేను దిగలేదు. కిటికీ సీటు రోజుకొకరికి మారుస్తామని మొదటి రోజు మాటిచ్చి, మూడో రోజు కూడా నన్ను నడవ పక్కనే కూర్చోబెట్టారు. ఆ సంగతి తేల్చడానికి మేనేజరును బస్సు మెట్ల దగ్గరే ఆపాను. అరగంటా వాదించాను. నెగ్గాను కూడా. గెలుచుకున్న కిటికీలోంచి చూస్తే అందరూ మూతులు తుడుచుకుంటూ తిరిగి వస్తున్నారు.

నా తోడల్లుడు రెండు గ్లాసులు తాగాడట. ఆ మాట ఆయనే బస్సంతా చెప్పాడు. ఊరికి వచ్చాక ఏ పెళ్లికి వెళ్లినా, ఏ గృహప్రవేశానికి వెళ్లినా భోజనాల దగ్గర అదే కథ.

"మా తమ్ముడుండాడే, అంత దూరం పొయ్యి బస్సులో కూసోని వచ్చినాడప్పా. నేను తాగినా. రెండు గ్లాసులు!" అని రెండు వేళ్లు పైకెత్తేవాడు. బంతి బంతంతా నా వైపు తిరిగి నవ్వేది.

నేను అలాంటివి మరిచిపోయే మనిషిని కాను. ఏడో తరగతిలో నా కంపాస్ అడిగి తీసుకుని ముల్లు వంచి ఇచ్చినవాడు ఇప్పుడు తాతయ్యాడు. ఇప్పటికీ ఎదురుపడితే తల ఊపుతానే తప్ప మాట కలపను. అతనికి కారణం తెలియదు. తెలియకపోవడం కూడా నా దృష్టిలో అతని తప్పే.

ఈ ఏడాది తోడల్లుడి మనవరాలి నామకరణానికి పిలుపు వచ్చింది. ఆ వేళ్లు మళ్లీ లేస్తాయని నాకు తెలుసు. లేచేలోపు "నేనూ తాగాను, అసలైనదే తాగాను" అని నలుగురిలో అనాలి. పదిహేను రోజులు టైముంది. స్పెయిన్‌కు మళ్లీ వెళ్దామంటే నా భార్య చూసిన చూపు ఇక్కడ రాయను.

మా మదనపల్లెలోనే కొత్తగా తెరిచిన ఒక జ్యూస్ షాపు బోర్డు మీద 'స్పానిష్ హోర్చాటా' అని కనబడింది. వెళ్లి తాగాను. తెల్లగా, చల్లగా, దాల్చినచెక్క వాసనతో ఉంది. గల్లాపెట్టె దగ్గరున్న ఓనరమ్మతో అన్నాను, "ఇది బియ్యంతో చేశారు. ఇది మెక్సికో పద్ధతి. స్పెయిన్‌లో గడ్డలతో చేస్తారు."

"బాగుండాదా లేదా సార్?"

"బాగుంది. కానీ..."

"బాగుంటే ఇంగేం సార్. ఇంగో గ్లాసు పోసేదా?"

ఇంకో గ్లాసు తాగి, బోర్డు మార్చమని కాగితం మీద రాసిచ్చి వచ్చాను. వారం తర్వాత చూస్తే 'స్పానిష్' అన్న మాట తుడిచేశారు. నా జీవితంలో నెగ్గిన ఫిర్యాదుల్లో అది రెండోది. మొదటిది కిటికీ సీటు.

తర్వాత పుంగనూరు వెళ్లాను. అక్కడ బజారులో షర్బత్తులు, మూలికలు అమ్మే ఒక సాయిబు ఉన్నాడు. ఆయన నన్నారి షర్బత్తు కోసం పెద్దపంజాణి నుంచి కూడా జనం వస్తారు. ఫోన్లో ఆ గడ్డల ఫోటో చూపించాను. కళ్లద్దాలు పైకి జరిపి చూశాడు.

"యే తో నాగర్‌మోతా హై, సాబ్. మీరు తుంగ అంటారు సూడండి, దాని గడ్డలు. ల్యాకుంటే దాని అన్నాతమ్ముడు."

"మన చేలల్లో మొలిచే తుంగా?"

"అదే. ఎండినేవి నా దగ్గర ఉండాయి. జొరానికి కషాయం కాస్తారు. పాలు తీసి తాగినోళ్లని మాత్రం నేను సూడలా. సేదు సార్. మీ ఫోటోలోది తియ్యగా ఉంటాదంటే అది వేరే జాతి అయ్యుంటాది."

ముప్పై ఏళ్లుగా మూలికలు అమ్ముతున్న మనిషి చెప్పిన ఈ మాటను, ఒక సాయంత్రం ఫోన్లో చదివి తెలుసుకున్న నేను కొట్టిపారేశాను. పచ్చి గడ్డలైతే తియ్యగానే ఉంటాయని ఆయనకే వివరించాను. ఆయన నాకో గ్లాసు నన్నారి షర్బత్తు పోసిచ్చాడు.

చిక్కల్లా పచ్చి తుంగ ఎక్కణ్ణుంచి తేవాలనే. నిమ్మనపల్లె దారిలో నాకు ఎకరన్నర టమోటా చేను ఉంది. దాంట్లో ఒక్క తుంగ పోచ లేదు. ఉండనివ్వలేదు. పక్క చేను రైతు నీళ్లు పారించినప్పుడల్లా గట్టు మీదుగా అతని తుంగ నా చేలోకి వస్తోందని ఏళ్ల తరబడి అతని మీద అర్జీలు పెట్టాను. సోమవారం వస్తే అర్జీలు తీసుకునే చోట నన్ను పేరు అడగకుండానే కూర్చోబెట్టేవారు. ఇప్పుడు మదనపల్లె చుట్టుపక్కల నాకు తెలిసిన మంచి తుంగ ఆయన చేలోనే ఉంది.

పొద్దున్నే వెళ్లి గట్టు మీద నిలబడ్డాను. ఆయన కాలవ నీళ్లకు మడవ కడుతూ తలెత్తాడు.

"ఏమప్పా, అర్జీ తెచ్చినావా?"

"లేదు. కొంచెం తుంగ కావల్ల."

"యాల? సాక్ష్యానికా?"

"తాగేదానికి."

ఆయన పార కింద పెట్టి దగ్గరికి వచ్చి నా మొహం చూశాడు. "ఇంట్లో అందరూ బాగుండారా?"

విషయం చెప్పాను. కిటికీ సీటుతో సహా. ఆయన గట్టు మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాడు. తర్వాత తనే పార తెచ్చి గంటసేపు తవ్వి, మట్టి దులిపి, బుట్టెడు గడ్డలు ఇచ్చాడు.

"ఇది నీదే కదప్పా. నా సేన్లోంచి నీ సేన్లేకి పోయిందని నువ్వే రాసిస్తివి. తీసుకో, నీ తుంగ నీకిస్తాండా."

ఇంట్లో నా భార్య మిక్సీ ఇవ్వలేదు. గడ్డలు ఒకటిన్నర రోజు నానబెట్టి, పొట్టు రుద్ది, రోట్లో రుబ్బి, పాత పంచెలో వడకట్టాను. తెల్లగా రాలేదు. కాఫీలో చెంచాడు పాలు పోసిన రంగులో వచ్చింది. చక్కెర వేశాను. ఇంకా వేశాను. రుచి చూస్తే, వానకు తడిసిన గోనెసంచిలో కర్పూరం దాచినట్టుంది. స్పెయిన్‌వాళ్లకు ఇలాంటివే ఇష్టమేమో అని నాకు నేను సర్దిచెప్పుకుని, ఐసు వేసి ఫ్లాస్కులో పోసుకుని కుప్పం బస్సెక్కాను. కిటికీ సీటు దొరకలేదు. ఫ్లాస్కు ఒళ్లో ఉంది కాబట్టి గొడవ పడలేదు.

నామకరణం అయింది. భోజనాలకు కూర్చున్నాం. తోడల్లుడు గొంతు సవరించుకుని "మా తమ్ముడుండాడే" అనగానే నేను ఫ్లాస్కు తీసి గ్లాసులో పోసి ఆయన ముందు పెట్టాను.

"ఏందప్పా ఇది?"

"హోర్చాటా. నువ్వు రెండు గ్లాసులు తాగినావే, అదే. నేనే చేసినా."

ఒక గుక్క తాగాడు. ఉమ్మలేక కష్టపడి మింగాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నా చెవి దగ్గరికి వంగాడు.

"అది ఇట్ల ల్యా. తియ్యగా ఉండె. అయినా రెండోది నేను తాగలేక తాగినా."

"తాగలేక యాల తాగినావన్నా?"

"అది నీదప్పా. నీ కోసరమే తీసుకున్నా. పట్టుకోని బస్సు కాడికి వచ్చినా. నువ్వు మేనేజరు మీద అరస్తాండావు. రెండు సార్లు పిలిస్తి. 'అన్నా, మధ్యలో అడ్డం రావద్దు' అంటివి. గ్లాసు బస్సులోకి తేగూడదనిరి. పారబోసేకి మనసు రాల్యా."

ఆ మాట అన్నట్టు అప్పుడు గుర్తొచ్చింది. చేత్తో ఆయన్ని పక్కకు నెట్టినట్టు కూడా గుర్తొచ్చింది. కంపాస్ ముల్లు దాకా గుర్తుంచుకున్న నాకు ఇది మాత్రం రెండేళ్లలో ఒక్కసారీ గుర్తు రాలేదు.

"ఇన్ని దినాలు ఈ మాట యాల చెప్పలా?" అని అడిగాను. నాకు అప్పటికే కొత్త కోపం మొదలవుతోంది.

"చెప్తే ఇంగ నవ్వేదానికి ఏముంటాది?" అన్నాడాయన.

ఎదుటి బంతిలో ఎవరో, "ఏమన్నా, స్పెయిన్ కథ మధ్యలో నిలబెట్టేస్తివే" అని అరిచారు. ఆయన నా వైపు ఒకసారి చూసి, వేళ్లు పైకెత్తాడు. "నేను తాగినా. రెండు గ్లా..."

"ఒకటే," అన్నాను గట్టిగా. "రెండోది నాది. రాసుకోండి."

అంతకు ముందెప్పుడూ వాళ్లు అంతగా నవ్వలేదు. నేను తాగని గ్లాసు కోసం నిలబడి కొట్లాడుతున్నానని అర్థమయ్యేసరికి ఫ్లాస్కులో మిగిలిన నా హోర్చాటా నా చేతిలో ఉంది. కోపంలో దాన్ని గటగటా తాగేశాను. చాలా చేదుగా ఉంది.