మందు నెత్తురు మొగులయ్య

పటాన్‌చెరు ఫ్యాక్టరీల మొగులయ్య చేసే పని గుర్రాల లద్ది ఎత్తుడు, షెడ్డు కడుగుడు. సొంతూరు ఇంద్రేశంల చెప్పుకునేది మాత్రం నాగుపాము ఇసం మీద రీసెర్చ్ చేస్తున్ననని. ఆ మాట అనుకుంట ఖాకీ చొక్కా కాలర్ సదురుకునేటోడు చూడుండ్రి, అబ్బబ్బా, కంపెనీ పెద్దసారు సుత గంత బిగుసుకపోడు.

తొంభైల మొదట్ల ఆ మందుల ఫ్యాక్టరీల పాము ఇసం లాబ్ పెట్టిన్రు. ఇసం ఆవగింజంత గుర్రానికి సూదేస్తరు. ఒళ్లు తట్టుకుంటుంటె మెల్లగ మోతాదు పెంచుతరు. ఆఖరికి ఆ గుర్రం నెత్తురు తీసి వేరే ఊరికి పంపుతె, ఆడ దాంట్లకెళ్లి ఇరుగుడు మందు తయారయితది. పాము కరిచినోళ్లకు దవాఖానల ఎక్కించేది గదే. ఈడ మాత్రం మందు సీసా ఒక్కటి ఉండది. పక్క గదిల సార్లు అదే ఇసంతోని నరాల నొప్పులు తగ్గుతయా అని ఎలుకల మీద చూస్తుండ్రి. ఇదంత మొగులయ్య లద్ది గంప పట్టుకొని కిటికీల కెళ్లి విన్నడు. సగం విన్నడు, తక్కిన సగం సొంతంగ కల్పించుకున్నడు.

ఒకనాడు పాముల పెట్టె జరుపుతుంటె మూతకున్న ఇనుప మొల గీసుకుని చెయ్యి తెగింది. కంపౌండర్ టించర్ పూసి పంపిండు. ఇంటికొచ్చి పెండ్లాం పోశమ్మకు గంతే చెప్పిండు. పొద్దుగూకి కల్లు కంపౌండుకు పోయేసరికి ఆ మొల నాగుపాము అయ్యి కూసున్నది.

"కర్సింది. సార్లంత పరేషాన్. నేనేమొ నవ్విన. ఇసం నడుమ తిరిగిన ఒళ్లు గాదె? గుర్రం నెత్తుర్ల ఏమున్నదో నా నెత్తుర్ల గదే ఉన్నది. ఒక్క చుక్క నోట్ల వడితె సాలు, ఎసొంటి ఇసమైన దిగాలె!"

విన్నోళ్లు నోళ్లు తెరిచిన్రు. ఒక్కడన్న ఎదురడిగిండా? అడగలె. ఫ్యాక్టరీ లోపలి ముచ్చట తెలిసినోడు ఈ మహానుభావుడొక్కడే నాయె. ఆనాటి సంది 'మందు నెత్తురు మొగులయ్య' అని పేరు వడ్డది.

పోశమ్మ ఊకుంటదా? "థూ, నీ మొకం మన్నువడ! మొల గీసుకపోతె పామంటవా? ఎవడన్న నమ్మి సస్తె ఆ పాపం ఎవనికి?"

"నీకేం తెలుస్తదే సైన్సు?" అన్నడు ఆ లద్ది సైంటిస్టు.

వానలు పడేనాడు పక్కింటి యాదన్నకు గడ్డివాము కాడ పురుగు ముట్టింది. పాము అని నోటితోని అనరు, పురుగు ముట్టిందంటరు. దవాఖాన మాట ఒక్కడెత్తలె. ఆటోల ఏసుకొని సక్కగ మొగులయ్య గడపకు తెచ్చిన్రు. "అన్నా, జల్దీ నీ నెత్తురియ్యే!" అని యాదన్న తమ్ముడు కాళ్ల మీద వడ్డడు.

యాదన్న రెప్పలు అప్పటికే వాలుతున్నయి. మొగులయ్య 'నా నెత్తుర్ల ఏం లేదు, అబద్ధం చెప్పిన' అని ఒక్క మాట అంటె ఒడిసిపోయేది. పరువు అడ్డమొచ్చింది. ఏం పరువో ఏమో! పోశమ్మ వెనుకకెళ్లి గట్టిగ గిచ్చితె తెలివొచ్చి, "గిట్ల తియ్యరాదురా, మిషన్ కావాలె. దవాఖానకు నడువుండ్రి, ఆడ ఇస్త" అని ఆటో ఎక్కిండు.

దవాఖానల గుర్రం మందు ఎక్కిస్తె యాదన్న బతికిండు. మొగులయ్య బయట వరండాల బీడీ తాగుకుంట కూసున్నడు. ఊర్లె మాత్రం ఆయన నెత్తురే బతికిచ్చిందని పూలదండ మొగులయ్యకే. ఏసుకున్నడు! సిగ్గు లేకుంట మెడ వంచి మరీ ఏసుకున్నడు.

"ఇప్పుడన్న నిజం చెప్పు" అన్నది పోశమ్మ.

"చెప్త తియ్యి, జెర ఆగు" అన్నడు. చెప్పలె.

మల్ల వానకాలమొచ్చింది. మొగులయ్య డ్యూటీకి పోయిండు. దొడ్లె పిడకలు తీయబోతె పోశమ్మ చేతికే పురుగు ముట్టింది. "దవాఖానకు తీస్కపోండ్రి" అనే మొత్తుకున్నది పాపం. ఎవరు వినాలె? "ఇంట్ల మందు వెట్టుకొని దవాఖాన ఎందుకు వదినా?" అని యాదన్నే ఆమెను ఎత్తుకొని ఆటోల ఏసిండు. దవాఖాన తొవ్వ ఇడిసి ఆటో ఫ్యాక్టరీ తొవ్వ వట్టింది. ఆటోల ఉన్నోళ్లల్ల మొల ముచ్చట తెలిసినది ఆమె ఒక్కతే. సగం తొవ్వల నాలుక మొద్దువారి ఆమెకు మాట వడిపోయింది.

గేటు కాడ వాచ్‌మన్ హిందీల ఎవరు, ఏంది, ఎవరి కోసమని అడిగి, లోపలికి కబురు పంపి, మొగులయ్య బయటికొచ్చేసరికి పోశమ్మ కండ్లు మూతవడ్డయి. ఊపిరి అందుతలేదు.

"దవాఖానకు తోలుండ్రి! నా నెత్తుర్ల ఏం లేదు! నన్ను పాము కర్వనేలె, అది మొలరా, మొల!" అని మొగులయ్య నెత్తి కొట్టుకున్నడు.

ఒక్కరు నమ్మితె ఒట్టు. మొగులయ్య నెత్తురు తీద్దమని బ్లేడు పట్టుకొని యాదన్న అడ్డం నిలవడ్డడు. యాదన్నను నూకేసి ఆటో తోలిచ్చేసరికి ఆలస్యమయ్యింది. దవాఖానల డాక్టర్ ఆమె చెయ్యి వట్టి చూసి, "ఇంతసేపు ఎక్కడ తిప్పిన్రయ్యా?" అని అడిగిండు.

పోశమ్మను మట్టి చేసినంక మొగులయ్య ఇల్లిల్లు తిరిగి నిజం చెప్పిండు. ఎవరూ మొకం ఇయ్యలె. ఆఖరికి యాదన్న కాడికి పోతె, యాదన్న ఏడ్సుకుంట ఆయన చెయ్యి పట్టుకున్నడు.

"నాకిచ్చినవు గదన్నా. వదినకెందుకియ్యలె?"