పెదవి మీద ఉప్పు

చెవికి అందని తేడాను నోట పలకలేదని ఒక పిల్లను ఎగతాళి చేస్తే, దాన్ని బోధన అనవచ్చునా? మీరే చెప్పండి.

నా చిన్నప్పుడు, మా బడి వార్షికోత్సవంలో మా ఊరి గురించి ఇంగ్లీషులో మాట్లాడే అవకాశం నాకు దక్కింది. మాది నెల్లూరు తీరాన చేపలు పట్టే ఊరు. వేకువన పడమటి గాలి వీస్తే పడవలు సముద్రంలోకి సాగుతాయన్న వాక్యంతో నా ప్రసంగం మొదలవుతుంది. నా కష్టాలూ అక్కడే మొదలయ్యాయి. పడమర అనబోయి నేను ‘వెస్ట్’ అనగానే మా ఇంగ్లీషు సారు చెయ్యెత్తి ఆపేవారు. నేను పలికినది ‘వి’ అక్షరంతో మొదలయ్యే వెస్ట్, అంటే బనీను అట!

“బనీను గాలికి పడవలు పోతాయా మే? సరిగ్గా విను. వెస్ట్ కాదు, వెస్ట్!”

తరగతంతా గొల్లుమనేది. ఎంత చెవి ఒగ్గి విన్నా నాకు రెండూ ఒక్కటే. మన తెలుగులో ఉన్నది ఒకే వకారం; నా గైడులోనూ ఆ రెండు మాటలకు ఒకే తెలుగు అక్షరాలు అచ్చువేశారు. ఆ సంగతే వాదిస్తే, సారు అదే మాటను ఇంకా గట్టిగా అన్నారు. వినబడని తేడా అరిస్తే వినబడుతుందా? చివరికి, మర్నాటికి కుదరకపోతే ప్రసంగం వేరే అమ్మాయికి ఇస్తానన్నారు.

చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేది మా పక్కింటి అక్క. అలల హోరులో గొంతు సరిగా వినిపించదు గనుక, పిల్లలను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నోటి కదలిక చూపించి పాడించడం ఆమె పద్ధతి.

ఆ సాయంత్రం నన్ను చూసి, “ఏంది మే, మూతి అట్టా పెట్టినావు?” అంది.

చెప్పాను. అక్క లోపలికి వెళ్లి చిటికెడు ఉప్పు తెచ్చి నా కింది పెదవికి రాసింది.

“చెవుల్ని వదిలెయ్. బనీను అనేటప్పుడు పైపళ్లు ఉప్పును తాకాల. పడమర అనేటప్పుడు ఈలేసే దానికి మల్లే పెదాలు చుట్టాల. పళ్లకు ఉప్పు తగిలిందా, తప్పే!”

పెదవి మండింది. అయినా ఆ తేడా మొదట నా నోటికి తెలిసింది, తరువాతే చెవికి.

మర్నాడు వాక్యం సరిగ్గా పలికాను. “ఇన్నాళ్లకు చెవులు పనిచేసినాయే!” అన్నారు సారు. నాకు ఒళ్లు మండింది.

“చెవులు కాదు సార్, పెదాలు. ఆ మాట మీరెందుకు చెప్పలేదు సార్?”

ఆయన చేతిలోని సుద్దముక్కను బల్ల మీద పెట్టారు.

“నాకు మాత్రం ఎవరు చెప్పినారు మే?”

ప్రసంగం నాకే దక్కింది. కానీ ఆయన మీద కోపం నిలబెట్టుకోలేకపోయాను. ఆ కోపం ఆయన్ను దాటి, ఆయనకూ అట్లాగే నేర్పిన చదువు మీదికి పోయింది. ఇప్పటికీ నేను వెళ్లే కళాశాల చర్చా వేదికలపై ఎవరి ఉచ్చారణకైనా సభ నవ్వితే, నా కింది పెదవిపై ఉప్పు మండుతుంది.

అందుకే అడుగుతున్నాను: ఈసారి మీ ఎదుట ఒక పిల్ల ఒక మాటను తప్పుగా పలికితే, అదే మాటను ఇంకా గట్టిగా అరవకండి. ఎదురుగా కూర్చోండి. మీ నోరు చూపించండి.